రాత్రి గడిలో మాత్ర

జూన్ 11, 2025. బుధవారం

ఎరువుల కొట్టువాళ్ళు పంచిన డైరీ ఇది. జనవరి నుంచి కుంటి స్టూలు కోడు కింద ఎత్తుకి పెట్టుకున్నాను. ఇవాళ తీశాను. స్టూలు మళ్ళీ ఊగుతోంది. ఊగనీ.

డెబ్బై ఆరేళ్ళ మనిషికి రేపు ఏది గుర్తుంటుందో చెప్పలేం కాబట్టి, రికార్డు పుస్తకంలో పిల్లలచేత రాయించినట్టే ముందు పేర్లు. నేను రామతులసి. ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు జువాలజీ చెప్పాను. హర్షవర్ధన్ నా మనవడు, ముప్పై నాలుగేళ్ళు, ఆటోనగర్లో లారీల స్పేర్ పార్టుల కొట్టు. సింధూరి వాడి భార్య. అక్షయ వాళ్ళ కూతురు, అయిదేళ్ళు. అందరం పటమటలో ఒకే ఇంట్లో ఉంటాం. మా ఆయనా మా అబ్బాయీ నలభై దాటకుండానే గుండె ఉబ్బి పోయారు. కోడలు ఆ తర్వాత ఏడాదికి. అదే జబ్బు హర్షకీ వచ్చింది. నిరుడు జనవరిలో వాడికి గుండె మార్చారు. ఈ ఇంట్లో నలభై దాటే మొదటి మగవాడు వీడే కావాలని నా పంతం.

ఏడింటికి డయానా వచ్చి వాడి రక్తం తీసుకెళ్ళింది. ఆసుపత్రి తరఫున ఇళ్ళకి వచ్చే అమ్మాయి. నిరుడంతా మెడ నరంలోంచి తీగ దింపి, గుండె కండ ముక్క గిల్లి తెచ్చి చూసేవాళ్ళు. ఇప్పుడు ఈ రక్త పరీక్ష. తెల్ల కణాల్లో ఏ జన్యువులు మేలుకున్నాయి, ఏవి పడుకున్నాయి అని చూసి, నలభైలోపు ఒక అంకె వేసి పంపుతారు. ముప్పై నాలుగు దాటితే, లోపల కొట్టుకుంటున్నది తనది కాదని ఒళ్ళు పసిగట్టి తరమడానికి సిద్ధమవుతున్నట్టు. తక్కువగా ఉంటే లోపల గొడవ లేనట్టు. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఇది లేదు. ఉండుంటే బాగా చెప్పేదాన్ని.

సూది తీసి దూది అద్దుతూ డయానా, కాఫీ తెచ్చిన సింధూరి మోచేతి వైపు చూసింది. నాలుగు వేళ్ళ అచ్చులు, నీలంగా.

"ఈ చేతికి నేను సూది గుచ్చలేదు కదా మామ్మగారూ, ఇన్ని మచ్చలేంటి?"

ఆ అమ్మాయి ఒళ్ళు సుకుమారమనీ, ఊరికే కందుతుందనీ చెప్పాను. డయానా నా వంక చూసింది. పరీక్ష హాల్లో చీటీలు దాచుకున్న పిల్లల వంక నేను చూసే చూపు అది.

ఒకటి రాసి పెట్టుకుంటున్నాను. ఆపరేషన్‌కి ముందు వీడు చెయ్యెత్తి ఎరగడు. ఆపరేషన్ నాటి పేపర్లో వచ్చింది: కొండపల్లి వైపు బారులో రెండు ముఠాలు కొట్టుకుంటే ఒక రౌడీ తలకి దెబ్బ తగిలి మెదడు చచ్చిపోయిందని, అవయవాలు ఇచ్చారని. ఇంట్లో అందరం ఆ వార్త చదివాం. ఎవరం ఏమీ అనలేదు. అందరం ఒకటే అనుకున్నాం. గుండె అంటే పంపు మాత్రమేనని మూడు వేలమంది ఆడపిల్లలకి చెప్పినదాన్ని, నేను కూడా.

జూన్ 12

సింధూరి ఎడమ చెవిలో దూది. తలస్నానంలో నీళ్ళు పోయాయంది. నేనూ అదే అనుకున్నాను.

జూన్ 19

అంకె ఇరవై ఏడు. ఏప్రిల్‌లో ఇరవై తొమ్మిది. డాక్టరుగారు కాగితం మా ముందుకి తిప్పి, లోపలంతా ప్రశాంతంగా ఉందన్నారు. మెడలో తీగ ఇక అక్కర్లేదు. స్టిరాయిడ్ మాత్ర మూడు వారాల్లో పూర్తిగా ఆపేస్తారు. మిగతావి మాత్రం ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ, నిమిషం తేడా లేకుండా.

సింధూరి ఎప్పుడూ అక్కడ నోరు తెరవదు. ఇవాళ తెరిచింది.

"అది ఆపేస్తే ఈయన కోపం తగ్గుతుందాండీ?"

డాక్టరుగారు నవ్వారు. ఆ మాత్రకి చిరాకూ నిద్రలేమీ ఉంటాయని, ఆపితే తేడా ఇంట్లోవాళ్ళకే తెలుస్తుందని అన్నారు. హర్ష కూడా నవ్వాడు, మా ఆవిడకి నేనంటే భయమండీ అని. అందరం నవ్వాం. నేను గట్టిగానే నవ్వాను.

మాకు ఇంట్లో ఒక చట్టం ఉంది. గుండె మార్చిన మనిషి ముందు గొంతు పెంచకూడదు. ఎదురు చెప్పకూడదు, ఏడవకూడదు, ఎక్కడికైనా వెళ్తానని బెదిరించకూడదు. వాడికి ఏమన్నా అయితే ఎవరి మూలాన అయిందో లోకమంతా చెప్పుకుంటుంది. ఈ చట్టం చేసింది నేను. అమల్లో పెట్టింది వాడు.

మాత్ర ఆగనీ. అన్నీ సర్దుకుంటాయి.

జూన్ 30

స్టిరాయిడ్ సగానికి తగ్గించారు. హర్ష అక్షయని భుజాల మీద ఎక్కించుకుని బ్యారేజీ చూపించి తెచ్చాడు. సింధూరికి చీర కొన్నాడు. నేను చెప్పలేదా అన్నట్టు చూశాను ఆ అమ్మాయి వంక. చీర మడత విప్పలేదు ఇంకా.

జూలై 10

నిన్నటితో స్టిరాయిడ్ బంద్. మాత్రల డబ్బాలో ఉదయం గడిలో ఆ మాత్ర లేకపోతే నోట్లో పన్ను పోయినట్టుంది.

పన్ను అంటే గుర్తొచ్చింది. 2018లో సింధూరికి తలుపు తగిలిన సంగతి వేరు. దాన్నీ దీన్నీ కలపకూడదు.

జూలై 16

పొద్దున పదిన్నర. నేను హాల్లో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. సింధూరి వంటింట్లో వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడుతోంది. హర్ష కొట్టుకి వెళ్ళాల్సినవాడు, బెల్టు కనపడలేదని వెనక్కి వచ్చాడు. ఫోను లాక్కున్నాడు. ఎవరికి చెబుతున్నావే నా సంగతులు అన్నాడు. అల్లం ధర గురించి అంది. నిజమే, అల్లం గురించే.

జుట్టు ముడి పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి ఈడ్చాడు. గడప దగ్గర మోకాలు కొట్టుకుంది. గ్రైండరు అంచుకి నుదురు ఒకసారి, రెండోసారి. మూడోసారి సింధూరి చెయ్యి అడ్డం పెట్టుకుంది, వేళ్ళు నలిగాయి. అరవలేదు. చట్టం ఉంది కదా. వాడు ఎగశ్వాస తీస్తూ నించున్నాడు. కోసిన కప్ప గుండె పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోస్తే ఇంకా కొట్టుకుంటూనే ఉంటుందని పిల్లలకి చూపించేదాన్ని. ఏ పాపం ఎరగనట్టు, ఎవరి ఒంట్లో ఉన్నానో తెలియనట్టు కొట్టుకుంటుంది.

నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో గోరుచిక్కుడుకాయ ఉంది. పక్కన కూర్చున్న అక్షయని గోడ మీద బల్లులు లెక్కపెట్టమన్నాను. ఆ తర్వాత నేనన్న మాట ఇక్కడ రాసి తీరాలి.

"ఒరేయ్, నెమ్మదిగా. నీ గుండె జాగ్రత్త."

అదే అన్నాను. వాడు చొక్కా సర్దుకుని కొట్టుకి పోయాడు. నుదుటికి మూడు కుట్లు. క్లినిక్‌లో కాలు జారి పడిందని చెప్పింది నేనే. నా తెలుగు బాగుంటుంది, ఎవరైనా నమ్ముతారు.

స్టిరాయిడ్ ఆపి వారమైంది.

జూలై 17

ఆ మందు ఒంట్లో ఎన్నాళ్ళు నిలుస్తుందో చూద్దామని ఆసుపత్రి ఫైలంతా తిరగేశాను. ఒకటిన్నర రోజు. అంతకు మించి ఉండదు. నెలలకొద్దీ ఉంటుందని ఎక్కడో ఒక వాక్యం దొరుకుతుందని మధ్యాహ్నమంతా వెతికాను.

అది దొరకలేదు. వేరేది దొరికింది. ఆపరేషన్ కాగితాల్లో నాలుగో పేజీ. దాత పేరు లేదు, ఊరు లేదు. వయసు ఇరవై ఏడు. స్త్రీ.

ఏడాదిన్నరగా ఈ ఫైలు చంకలో పెట్టుకు తిరుగుతున్నాను. కొండపల్లి రౌడీ గుండె ఇంకెవరి ఒంట్లో కొట్టుకుంటోందో, అతను ఎవరిని ఉద్ధరిస్తున్నాడో. మా ఇంట్లో ఉన్నది ఇరవై ఏడేళ్ళ ఆడపిల్లది. ఆవిడకి కోపం లేదని నేను చెప్పలేను. కానీ ఆటోనగర్లో లారీ బేరింగులు మోసి కాయలు కాసిన ఈ చేతులు ఆవిడవి కావు. గుండె ఒక్కటే మార్చారు. చేతులు మావే.

సింధూరి వయసు ఎంతో లెక్కేశాను. ముప్పై. వెంటనే లెక్కెయ్యడం మానేశాను.

జూలై 20. ఆదివారం

సింధూరి నాన్న బసవపున్నయ్యగారు కొండపల్లి నుంచి వచ్చారు. థర్మల్ స్టేషన్లో చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. కూతురి నుదుటి కుట్లు చూసి చేతిసంచి కింద పెట్టడం మర్చిపోయి అలాగే కూర్చున్నారు. తీసుకుపోతానంటారని ఎదురు చూశాను. సింధూరి అప్పటికే అక్షయ గౌన్లు రెండు మడిచి మంచం మీద పెట్టింది. నేను చూశాను.

హర్ష గొంతు పెంచలేదు. మాత్రల డబ్బా తెచ్చి మామగారి ముందు బల్ల మీద పెట్టాడు.

"తీసుకెళ్ళండి మావయ్యగారూ. అది గడప దాటిన క్షణం నుంచి ఇందులో ఒక్క మాత్ర కూడా మింగను. పది రోజులో ఇరవై రోజులో పడుతుంది. మొగుణ్ణి చంపిన పేరు మీ అమ్మాయి మొయ్యగలిగితే తీసుకెళ్ళండి."

బసవపున్నయ్యగారు డబ్బా వంక చూశారు. నా వంక చూశారు. నేను ఒక్క మాట అంటే చాలని ఆయన కళ్ళు అన్నాయి. కాఫీ చల్లారిపోతోంది తాగండి అన్నాను.

వెళ్తూ కూతురితో, అసలే గుండె మనిషమ్మా, కొన్నాళ్ళు ఓర్చుకో అన్నారు. సింధూరి గౌన్లు తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది.

మా ఆయన కూడా ఇలాగే. అది జబ్బు. మా ఇంటి మగవాళ్ళకి కోపం రాదు, జబ్బే వస్తుంది.

జూలై 27

రాయడానికి ఏమీ లేదు.

జూలై 29

సింధూరి పెదవి. ఏమీ లేదు.

ఆగస్టు 2

అక్షయ పాలగ్లాసు ఒలకబోసింది. వాడి లెడ్జరు తడిసింది. ఒక్క చేత్తో, ఎడమ ముంజేయి పట్టుకుని, పిల్లని నేల మీద నుంచి పైకి లేపాడు. మోచేయి జారిన చప్పుడు నాకు వినపడింది. అక్షయ అరవలేదు. గోడ వంక చూసి ఒకటి, రెండు అని బల్లుల్ని లెక్కపెట్టింది. గోడ మీద బల్లులు లేవు.

సింధూరి వాడి మీదికి ఉరికింది. మొదటిసారి. దవడ మీద కొడితే గోడకి జారి కూలబడింది.

ఎముకల డాక్టరు మోచేయి సరిచేశాడు. చిన్నపిల్లలకి మామూలేనండీ, చెయ్యి పట్టుకుని గుంజితే ఇలా జారుతుంటుంది అన్నాడు. ఎవరు గుంజారని అడగలేదు. నేను నోరు విప్పి చెప్పబోయాను. ఆటలో, అని వచ్చింది.

ఆగస్టు 3. ఆదివారం

ఆదివారం నా పని మాత్రలు సర్దడం. పధ్నాలుగు గళ్ళ డబ్బా. పైవరస ఉదయం, కిందివరస రాత్రి. వాడు అరచేతిలో పడ్డవి చూడకుండానే ఒక్క గుక్కలో మింగుతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒళ్ళుని జోకొట్టే గొట్టం మాత్ర, అదే క్యాప్సూల్. దానివల్లే ఒళ్ళు ఆ గుండెని పరాయిదనుకోకుండా ఊరుకుంటుంది. ఇవాళ కిందివరసలో, ఏడు గళ్ళలోనూ, దాని బదులు బి-కాంప్లెక్సు వేశాను. అదీ గొట్టమే. రంగు దగ్గర దగ్గర.

ఉదయంది ఉదయం ఉంది. సగమే తగ్గించాను. కాస్త నీరసపడితే చెయ్యి లేవదు. అంతే. చంపాలని కాదు. ఇక్కడ అబద్ధం రాసుకుని నేనేం చేసుకుంటాను.

ఆగస్టు 5

మామూలుగానే ఉన్నాడు.

ఆగస్టు 9

మెట్లెక్కి వచ్చి ఆయాసపడ్డాడు. కూర్చుని నీళ్ళు అడిగాడు. నాకు సంతోషం కలిగింది. ఆ మాట రాశాక చాలాసేపు చూశాను. కొట్టెయ్యలేదు.

ఆగస్టు 10. ఆదివారం

మళ్ళీ ఏడు గళ్ళు.

ఆగస్టు 13

ఇంట్లో వారంగా చెయ్యి లేవలేదు. సింధూరి నిన్న అక్షయకి జడ వేస్తూ కూనిరాగం తీసింది. నా విద్య నాకు అక్కరకొచ్చిందనుకున్నాను.

ఆగస్టు 17. ఆదివారం

మళ్ళీ.

ఆగస్టు 19

పొద్దున్నే తలుపు కొడితే తీశాను. ఎదురుగా డయానా, చేతిలో రక్తం గొట్టాలు. స్టిరాయిడ్ ఆపాక మళ్ళీ చూడాలని డాక్టరుగారు రాశారట. ఈ తారీకు ఫైల్లో ఉంది. ఆ ఫైలు మోసేది నేనే.

ఈ పరీక్షని నెలల తరబడి మెచ్చుకున్నదాన్ని, అది నన్ను కూడా చూస్తుందని నాకు తట్టలేదు. ఆ గొట్టంలో వాడి రక్తం ఎర్రగా నిండుతుంటే తెలిసింది. పదహారు రాత్రులు నేను చేసిన పని అందులో ఉంది. దానితో పాటు మందు ఎంతుందో చూసే చిన్న గొట్టం కూడా నింపింది.

డయానా వెళ్తూ వరండాలో సింధూరి చేతిలో ఒక నంబరు రాసిన చీటీ పెట్టింది. నాకు కనపడాలనే పెట్టినట్టుంది.

"అక్కా, ఎప్పుడైనా చెయ్యి. మామ్మగారు చెయ్యనివ్వకపోయినా చెయ్యి."

ఆ పిల్ల వెళ్ళిన అయిదు నిమిషాలకి రాత్రి గళ్ళలో అసలు మాత్రలు పెట్టేశాను. వంటింట్లో నిలబడి సర్దుతుంటే ఒకటి సింకులో పడింది. తీసి కడిగి తుడిచి పెట్టాను.

ఆగస్టు 29. శుక్రవారం

ముప్పై ఏడు.

ఆగస్టు 30

సింధూరి బతికి ఉంది.

ఆగస్టు 31. ఆదివారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. వరసగా రాయాలి. ప్రయోగం ఎలా జరిగిందో అలా.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మమ్మల్ని ముగ్గుర్నీ డాక్టరుగారు కూర్చోబెట్టారు. అంకె ముప్పై ఏడు, మందు రక్తంలో ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఒళ్ళు గుండె మీద తిరగబడడం మొదలుపెట్టింది. సోమవారం చేరాలి, మూడు రోజులు సెలైన్‌లో మందు ఎక్కిస్తే తగ్గుతుంది, వేళకే పట్టుకున్నాం అన్నారు. అన్నాక, మాత్రలు ఎవరు ఇస్తారని అడిగారు.

హర్ష సింధూరి వంక తిరిగాడు. డబ్బా సర్దేది నేను. ఇచ్చేది సింధూరి. రోజూ రెండుపూటలా నీళ్ళ గ్లాసుతో డబ్బా తెచ్చి వాడి చేతిలో గడి ఒంపేది ఆ అమ్మాయి. ఆ సంగతి ఆగస్టు మూడున నేను ఆలోచించలేదు. ఇన్ని చదువుకున్నదాన్ని, ఇది ఆలోచించలేదు.

అక్కడే చెప్పాల్సింది. డాక్టరుగారి ముందు ఎందుకని ఊరుకున్నాను. కారులో చెబుదామనుకున్నాను. వారధి దాటాక చెబుదామనుకున్నాను. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది, పచ్చదీపం వచ్చాక అనుకున్నాను. స్టీరింగు మీద హర్ష వేళ్ళు తెల్లబడ్డాయి. సింధూరి వెనకసీట్లో నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నేను డబ్బాలో వేసినవే ఒక్కపూట తప్పకుండా ఇచ్చింది ఆ అమ్మాయి, ఆ సంగతి నాకు తెలుసు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని చెబుదామనుకున్నాను.

మా వీధి మొదట్లో వినాయకుడి పందిరి. మైకు చెవులు పగలగొడుతోంది. అక్షయ పక్కింట్లో ఉంది. తలుపు వేసింది హర్ష. గడియ పెట్టింది కూడా.

"చంపుదామనుకున్నావుటే" అన్నాడు. చాలా నెమ్మదిగా.

పిడికిలితో ముఖం మీద. పడింది. లేపి మళ్ళీ. దవడ విరిగింది అప్పుడే అనుకుంటాను, ఆ తర్వాత నోరు మూతపడలేదు. కింద పడేసి కడుపులో తన్నాడు. బూటు విప్పలేదు. ఎడమవైపు, పక్కటెముకల కింద. అక్కడ ప్లీహం ఉంటుంది. నాకు బొమ్మ వేసి చూపించినంత స్పష్టంగా తెలుసు అక్కడ ఏముంటుందో. అక్కడే తన్నాడు, మళ్ళీ మళ్ళీ, నోటితో ఏమీ అనకుండా, లారీ టైరు గాలి చూసే మనిషిలాగా.

నేను చెప్పాను. "నేనురా. మాత్రలు మార్చింది నేను." రెండుసార్లు చెప్పాను. మైకులో భజన. వాడు వినలేదు, లేదా విన్నాడు. ఆగలేదు.

వంటింట్లోకి వెళ్ళి పచ్చడి రోట్లో పొత్రం తీసుకొచ్చాను. బరువు నాకు ఎక్కువే. రెండు చేతులతో ఎత్తి వాడి కుడి ముంజేయి మీద వేశాను. ఎముక విరిగింది. వాడు కూలబడి, నన్ను చిన్నప్పుడు పిలిచినట్టే పిలిచాడు. నాయనమ్మా అని. మళ్ళీ ఎత్తాను. ఎత్తి, తల చూశాను. ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. దింపాను. దింపింది దయతో కాదు, సింధూరి నోట్లోంచి నెత్తురు బుడగలు వస్తున్నాయి, ఫోను చెయ్యడానికి చేతులు కావాలి.

108కి చేశాను. చీటీలో ఉన్న డయానా నంబరుకీ చేశాను. వాడికి చెప్పాను: "మాత్రలు మార్చింది నేను. ఇప్పుడు వినపడిందా?" వినపడింది. గోడకి ఆనుకుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. దాని గురించి నేను రాయను.

సింధూరికి ప్లీహం తీసేశారు. దవడకి తీగలు కట్టారు. నాలుగు సీసాల రక్తం. హర్షని వాడి ఆసుపత్రిలోనే చేర్చారు, గది బయట ఇద్దరు కానిస్టేబుళ్ళు. సెలైన్‌లో అదే స్టిరాయిడ్ ఎక్కుతోందట. తగ్గుతుందట. వాడికి ఏమీ కాదు.

సెప్టెంబరు 2

సింధూరి కళ్ళు తెరిచింది. దవడ కదపకుండా పళ్ళ సందుల్లోంచి మాట్లాడుతోంది. పక్కన డయానా, మంచం అవతల బసవపున్నయ్యగారు. ఆయన రెండు రోజులుగా ఆ కుర్చీ వదల్లేదు. కూతురి వంక చూడలేకపోతున్నారు, లేవలేకపోతున్నారు.

వాళ్ళ ముందే చెప్పాను. పదహారు రాత్రులు, బి-కాంప్లెక్సు, డాక్టరు గదిలో ఊరుకోవడం, కారులో ఊరుకోవడం. నీ కోసమే చేశాను అని మొదలుపెట్టబోయి ఆ ముక్క మింగేశాను.

సింధూరి నోట్లోంచి ఒక్కొక్క మాటే బయటికి వచ్చింది.

"మీరు ఆపాల్సింది మాత్రలు కాదు నాయనమ్మగారూ."

కళ్ళు మూసుకుంది. డయానా నన్ను బయటికి వెళ్ళమనలేదు. నేనే వెళ్ళాను.

సెప్టెంబరు 4. గురువారం

పొద్దున హర్ష వకీలు వెంకటసుబ్బారావుగారు వచ్చారు. పెద్దమనిషి, కింద కూర్చోబోయేంత వినయం. మెట్ల మీంచి జారి పడిందని నేను ఒక్క మాట అంటే చాలన్నారు. ఇంట్లో చూసిన మనిషిని నేనొక్కదాన్నే, సింధూరికి అప్పుడు స్పృహ తప్పింది కాబట్టి ఆవిడ మాట నిలవదు. నేను ఆ మాట అంటే, నా మాత్రల సంగతి ఆయనా ఎత్తరు, హర్షా ఎత్తడు. అనకపోతే ముసలావిడ మనవణ్ణి చంపబోయిందని మొదటి రోజే కోర్టులో చదివిస్తారు. అప్పుడు నా సాక్ష్యానికి విలువ ఏముంటుందో ఆలోచించుకోమన్నారు. ఆయన లెక్క సరైనదే. అబద్ధాలు చెప్పడంలో నా అనుభవం ఆయనకి ఎవరో చెప్పి ఉంటారు.

పదకొండింటికి మహిళా ఎస్సై వచ్చి సింధూరి గది పక్క గదిలో నా వాంగ్మూలం రాసుకుంది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ముందు మాత్రల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కలం ఆపింది.

"ఇది రాస్తే మీ మీద కూడా కేసవుతుందండీ."

"రాయమ్మా. నేను చెప్పకపోతే వాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పినప్పుడు నేను దాచినట్టుంటుంది. అప్పుడు సింధూరి గురించి చెప్పింది కూడా ఎవరూ నమ్మరు."

రాసింది. తర్వాత శుక్రవారం సంగతి, పిడికిలి నుంచి పొత్రం దాకా. అదీ రాసింది. సంతకం పెట్టించుకోబోతూ, మామూలుగా అడగాల్సిన ప్రశ్న ఒకటి అడిగింది. మీరు చూసినంతవరకు ఈయన భార్య మీద చెయ్యి చేసుకోవడం ఎప్పటినుంచి అని.

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఏడాదిన్నర నుంచి ఇంటికొచ్చిన అందరికీ చెబుతున్న జవాబు, ఈ డైరీకి కూడా చెప్పుకున్న జవాబు. నాలిక చివరికి వచ్చింది. గాజు తలుపులోంచి మంచం కనపడుతోంది. బసవపున్నయ్యగారు కూతురి నోట్లో స్ట్రాతో నీళ్ళు పడుతున్నారు. సగం గడ్డం మీద నుంచి కారిపోతున్నాయి.

"2018 నవంబరు" అన్నాను. "పెళ్ళయిన ఆరో నెల. వంటింట్లో. కూరలో ఉప్పు తక్కువైందని పిడికిలితో కొడితే ముందుపన్ను విరిగింది. తలుపు తగిలిందని పళ్ళ డాక్టరుకి చెప్పింది నేనే."

ఎస్సై తల ఎత్తింది.

"అంటే గుండె ఆపరేషన్‌కి ముందా అండీ?"

"అయిదేళ్ళు ముందు" అన్నాను. "అప్పుడు వాడి ఒంట్లో ఉన్నది వాడి సొంత గుండే."